పక్క తడిపే కుక్కపిల్లకు ముందు తీసేయవలసింది పక్కే

కుక్క తాను పడుకునే చోటును ఎన్నడూ పాడు చేసుకోదన్న మాట కుక్కలు పెంచేవాళ్ల మధ్య ఒక సూత్రంలా చెలామణి అవుతోంది. శిక్షణ ఇచ్చేవాళ్లు ఆ మాటతోనే మొదలుపెడతారు, క్రేట్లు, అంటే కుక్కను మూసి ఉంచే తలుపున్న బోనులు, అమ్మేవాళ్లు దాన్ని నమ్ముకునే అమ్ముతారు, కొత్తగా కుక్కపిల్లను తెచ్చుకున్నవాళ్లు దాన్ని విని నిశ్చింతపడతారు. హైదరాబాదులో ఉంటున్న మా మేనకోడలు కూడా అలాగే నిశ్చింతపడింది. ఆమె తెచ్చుకున్న లాబ్రడార్ ఆడకూన మాత్రం ఆ సూత్రాన్ని ఏమాత్రం ఖాతరు చేయకుండా, ఇల్లంతా ఖాళీగా ఉండగా తన కోసం కొన్న మెత్తటి పరుపు మీదికే వెళ్లి మూత్రం పోసి, చాలాసార్లు ఆ తడిలోనే ముడుచుకుని నిద్రపోతోంది.

దీని మీద ఆ ఇంట్లో వెలువడిన తీర్పులు నాకు ఫోనులో ఒకటొకటిగా వినిపించాయి. ఇంటికి వచ్చే శిక్షకుడు, పిల్లకు మొండితనం ఎక్కువనీ, క్రేట్‌లో అడ్డుపలక పెట్టి చోటు ఇంకా తగ్గిస్తే దారికి వస్తుందనీ చెప్పాడు. పక్క ఫ్లాటు పెద్దాయన, తడిలో ముక్కు పెట్టి రాసి రెండు తగిలించమన్నారు. మేనకోడలి అత్తగారైతే నాతోనే, "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు వదినగారూ, దాన్ని తెచ్చినచోటే తిరిగి ఇచ్చేయమని మీరైనా చెప్పండి" అన్నారు. చూడడానికి ఇవి మూడు వేర్వేరు సలహాలు గానీ మూడింటి అడుగునా ఉన్న నమ్మకం ఒక్కటే. శుభ్రంగా ఉండడం కుక్కకు పుట్టుకతో వచ్చే గుణమనీ, అది కనిపించని పిల్లలో లోపమో పొగరో ఏదో ఒకటి ఉందనీ ముగ్గురూ అనుకుంటున్నారు.

ఆ నమ్మకమే సరైనది కాదని నా అభిప్రాయం. పక్క తడిపే పిల్ల విషయంలో మనం ముందుగా చేయవలసింది ఆ పక్కను కొంతకాలం పూర్తిగా తీసేసి, అది తిరిగే చోటునూ మన దినచర్యనూ మొదటి నుంచి మళ్లీ అమర్చుకోవడం. ఇది వినడానికి నిర్దయగా ఉంటుందని తెలుసు. మేనకోడలు కూడా వెంటనే, "పసిది కదత్తా, కటిక నేల మీద పడుకోబెట్టమంటావా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు కొంచెం పొడవైనది.

గూడును శుభ్రంగా ఉంచేది తల్లి

పుట్టిన మొదటి రెండు మూడు వారాలు కుక్కపిల్లలు తమంతట తాము మూత్రం పోయలేవు. తల్లి వాటి పొట్ట కింది భాగాన్ని నాకితే ఆ స్పర్శకు మూత్రమూ మలమూ వస్తాయి, వచ్చినదాన్ని వచ్చినట్టే తల్లి నాకి శుభ్రం చేస్తుంది. ఈతకు ఏడెనిమిది పిల్లలను పెట్టిన కుక్క ఉన్న మూల పెద్దగా వాసన రాకపోవడానికి కారణం ఇదే. మనం చూసి ముచ్చటపడే ఆ శుభ్రతలో పిల్లల ప్రమేయం ఏమీ లేదు, అదంతా తల్లి నాలుక చేసిన పని.

మూడో వారం దాటాక, కళ్లు తెరిచి కాళ్ల మీద నిలబడగలిగిన పిల్లలు, అవకాశం ఉంటే పడుకునే చోటు నుంచి నాలుగు అడుగులు అవతలికి వెళ్లి పోస్తాయి. ఈ "అవకాశం ఉంటే" అన్నదే మొత్తం విషయంలో కీలకం. కల్వర్టు కిందనో, గడ్డివామి పక్కనో పిల్లలు పెట్టిన వీధికుక్కను గమనించినవాళ్లకు ఇది తెలుసు. పిల్లలు గుంట నుంచి దొర్లుకుంటూ బయటికి వచ్చి, దుమ్ములోనో గడ్డిలోనో పోసి, మళ్లీ లోపలికి పోతాయి. వాటికి ఎవరూ శిక్షణ ఇవ్వరు. పడుకునే చోటూ పోసే చోటూ వేరువేరుగా ఉండడం, ఆ రెండింటి మధ్య నడవగలిగినంత దూరం ఉండడం, ఆ పనిలో తల్లి వెనక తిరగడం, ఈ మూడే వాటి బడి. అమెరికాలోని బార్ హార్బర్‌లో, జాక్సన్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లల ఎదుగుదలను గమనించి, పిల్లలు దాదాపు ఎనిమిదిన్నర వారాల వయసులో మలమూత్రాలకు స్థిరమైన చోట్లను ఎంచుకోవడం మొదలుపెడతాయని రాశారు. అంటే రమారమి అరవై రోజుల వయసు.

మన దగ్గర పిల్లలు అమ్ముడయ్యే వయసు ఎంత? "నలభై రోజుల పిల్లండీ" అని గర్వంగా చెప్పి ఇవ్వడం నేను ఎన్నోసార్లు విన్నాను. చిన్నదైతే త్వరగా మచ్చిక అవుతుందన్న నమ్మకం కొనేవాళ్లలో ఉంది, రెండు వారాల మేతా టీకా ఖర్చూ మిగులుతుందన్న లెక్క అమ్మేవాళ్లలో ఉంది. కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనలు ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని స్పష్టంగా చెప్తున్నాయి. ఆ నిబంధన కాగితం మీద ఎంత గట్టిదో సంతలో అంత పలుచన. మేనకోడలి పిల్ల కూడా నలభై రోజులకు అటూ ఇటూగా చేతులు మారినదే. పైగా అది కొన్నాళ్లు దుకాణంలో, చింపిన కాగితాలు పరిచిన తీగల బోనులో, మరో రెండు పిల్లలతో ఉంది. తిన్నదీ, పోసిందీ, పడుకున్నదీ అదే అడుగున్నర చోటులో. తడి నుంచి తప్పుకోవాలన్న కోరిక దానికి మొదట్లో ఉండే ఉంటుంది. తప్పుకోవడానికి చోటు లేనప్పుడు ఆ కోరిక ఎంతకాలం నిలుస్తుంది?

ఇది నా ఊహ మాత్రమే కాదనడానికి కొంత ఆధారం ఉంది. అమెరికా పశువైద్య సంఘం పత్రికలో 2013లో వచ్చిన ఒక అధ్యయనం, దుకాణాల్లో కొన్న కుక్కలను చిన్నస్థాయి పెంపకందారుల దగ్గర తీసుకున్న కుక్కలతో పోల్చింది. దుకాణం నుంచి వచ్చినవాటిలో భయం, కోపం, ఒంటరిగా ఉండలేకపోవడంతో పాటు ఇల్లు పాడు చేయడం కూడా ఎక్కువగా కనిపించింది. యజమానులు చెప్పిన జవాబుల మీద ఆధారపడిన అధ్యయనం కాబట్టి దీన్ని చివరిమాటగా తీసుకోను. దుకాణంలో ఆలోచించకుండా కొనేవాళ్లు పెంపకంలోనూ అంతే అజాగ్రత్తగా ఉంటారేమో, తేడాలో కొంత అక్కడి నుంచే వచ్చిందేమో అన్న సందేహం న్యాయమైనదే. అయినా బోనులో మొదటి వారాలు గడిపిన పిల్ల పక్క తడిపినప్పుడు దాని పుట్టుకను తిట్టే బదులు దాని పెంపకం ఎక్కడ జరిగిందో అడగడం మంచిదనడానికి అది చాలు.

మెత్తనిదంతా ఒకటే

పిల్లకు చోటు ఎంత ముఖ్యమో కాలి కింద ఉన్నదాని స్పర్శ అంతకన్నా ముఖ్యం. పసితనంలో ఏ రకమైన నేల మీద పోయడం అలవాటైందో, పెద్దయ్యాక అలాంటి నేల కోసమే వెతుక్కుంటుంది. గడ్డి మీద పెరిగింది గడ్డిని, ఇసుక మీద పెరిగింది ఇసుకను వెతుకుతుంది. చింపిన కాగితాల మీద, మెత్తటి పొరల మీద పెరిగిన పిల్లకు టైల్స్ పరిచిన ఫ్లాటులో ఏం దొరుకుతుంది? గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా, స్నానాలగది బయట వేసిన గుడ్డ, సోఫా కింద కార్పెట్టు, అన్నింటికన్నా మెత్తగా, అన్నింటికన్నా బాగా పీల్చుకునేలా దాని కోసమే కొన్న పరుపు. పిల్ల వైపు నుంచి చూస్తే అది తన పక్కను పాడు చేయడం లేదు. ఆ ఇంట్లో తనకు తెలిసిన ఒకే ఒక్క మరుగుదొడ్డిని వాడుకుంటోంది.

ఇక్కడే ఇప్పుడు అందరూ వాడుతున్న ప్యాడ్ల సంగతి వస్తుంది. మేనకోడలు కూడా మొదటి రోజు నుంచీ బాల్కనీలో ప్యాడ్ వేసింది. లోపల దూది, పైన మెత్తటి పొర, కింద ప్లాస్టిక్కు. దాని మీద పోసినప్పుడల్లా పిల్లను మెచ్చుకుని చిన్న బిస్కెట్టు ముక్క ఇచ్చింది. బాగానే ఉంది గానీ, ఆ బిస్కెట్టుతో పిల్ల నేర్చుకున్న పాఠం ఏమిటి? "బాల్కనీలో పోయాలి" అని మనం నేర్పామనుకుంటాం. "మెత్తగా ఉండి పీల్చుకునేదాని మీద పోయాలి" అని అది నేర్చుకుంటుంది. పక్కకూ ప్యాడ్‌కూ మనం చూసే తేడా దాని పాదాలకు తెలియదు. అపార్టుమెంటులో ప్యాడ్లు లేకుండా కుదరదని వాదించేవాళ్లను నేను కొట్టిపారేయను. లిఫ్టులో ఆరు అంతస్తులు దిగేలోపే పని అయిపోయే వయసది. అయితే మెత్తటి ప్యాడ్‌నూ మెత్తటి పక్కనూ ఒకే ఇంట్లో ఒకే కాలంలో ఉంచి, రెండింటి మధ్య తేడా పిల్లకు దానంతటదే తెలియాలనుకోవడం మాత్రం అన్యాయం.

మెత్తటి పక్కతో ఇంకొక చిక్కు కూడా ఉంది. అది తడిని పీల్చుకుని, పిల్లకు తడి తగలకుండా దాచేస్తుంది. డైపరు కట్టిన పసివాడు తడిసినా ఏడవకుండా ఆడుకుంటున్నట్టే, మందపాటి పరుపు మీద పోసిన పిల్ల ఒక అంగుళం అవతలికి జరిగి హాయిగా పడుకుంటుంది. తడిలో పడుకోవడం అసౌకర్యమన్న అనుభవం కలగనివ్వకుండా, ఆ అసౌకర్యం దానికి తెలియడం లేదని విసుక్కోవడం వింతగా లేదూ?

అందుకే మేనకోడలికి నేను చెప్పింది, పరుపు ఎత్తేసి దాని స్థానంలో ప్లాస్టిక్ చాపను రెండు మడతలు వేసి పరచమని. చాప పీల్చుకోదు. పోస్తే పారుతుంది, పారితే కాళ్లకు తగులుతుంది, తగిలితే పిల్ల లేచి అవతలికి పోతుంది. చాలా పిల్లలు అలాంటి చోట మొదలుపెట్టడానికే వెనకాడతాయి. దానికి చన్నీళ్ల తుండుగుడ్డతో తుడవడమే సరిపోయే సౌలభ్యం కూడా ఉంది. కటిక నేల ప్రశ్నకు వస్తే, మన వాతావరణంలో అది అంత పెద్ద కష్టం కాదు. ఎండాకాలంలో ఏ కుక్కైనా ఎంత ఖరీదైన పరుపునైనా వదిలి గచ్చు మీద, గుమ్మం రాయి మీద పొట్ట ఆనించి పడుకోవడం అందరం చూసేదే. డిసెంబరు, జనవరి నెలల హైదరాబాదు రాత్రులూ, పొట్టి వెంట్రుకల చిన్నజాతి పిల్లలూ అయితే మాత్రం నా మాట కొంత సడలించాలి. కాళ్ల మీద నిలిచి, వల గుడ్డ బిగించిన చిన్న మంచాలు దొరుకుతున్నాయి. నేల చల్లదనం తగలదు, తడి నిలవదు.

తడిసిన చోటును కడిగే విషయంలో ఒక్క మాట. ఫినాయిలు వేసి కడిగితే వాసన మనకు పోతుంది గానీ పిల్ల ముక్కుకు పోదు. పైగా ముఖ్యంగా నల్ల ఫినాయిలు, కాళ్లు నాకే అలవాటున్న పిల్లకు ప్రమాదకరం. మూత్రంలోని పదార్థాలను విరగగొట్టే ఎంజైముల ద్రావణాలు ఇప్పుడు సులువుగానే దొరుకుతున్నాయి. అమ్మోనియా ఉన్నవి అసలు వాడకూడదు, ఆ వాసన దానికి మూత్రం వాసనలాగే ఉండి "ఇక్కడే" అని మళ్లీ పిలుస్తుంది.

ఇరుకు చేయమన్న సలహా

క్రేట్ పద్ధతికి నేను శత్రువును కాదు. పెంపకందారు ఇంట్లో, తల్లి దగ్గర, చోటున్న చోట ఎనిమిది తొమ్మిది వారాలు పెరిగిన పిల్లకు అది చక్కగా పని చేస్తుంది. నిలబడి, తిరిగి, కాళ్లు చాపుకుని పడుకునేంత చోటు మాత్రమే ఇస్తే పిల్ల ఆపుకోవడానికి ప్రయత్నిస్తుంది, మనం సమయానికి తలుపు తీసి బయటికి తీసుకెళ్తాం, పని అవుతుంది. కానీ ఈ పద్ధతి మొత్తం పిల్లలో ముందే ఉన్న ఒక అయిష్టం మీద నిలబడి ఉంది. ఆ అయిష్టమే చెరిగిపోయిన పిల్లకు చోటు తగ్గించడమంటే, దాన్ని మళ్లీ దుకాణం బోనులోకి పంపడం. అక్కడ నేర్చుకున్నదాన్నే ఇక్కడ మరింత గట్టిగా నేర్చుకుంటుంది. శిక్షకుడు చెప్పినట్టు అడ్డుపలక జరిపిన తర్వాత మేనకోడలి పిల్ల పోయడం ఆపలేదు, ఒళ్లంతా తడుపుకోవడం మొదలుపెట్టింది. దాన్ని చూసి అతను పలకను ఇంకొంచెం జరపమన్నాడు.

ఆ వయసు పిల్ల ఎంతసేపు ఆపుకోగలదన్న లెక్క కూడా ఈ సలహాలో ఎక్కడా లేదు. నెలల వయసుకు ఒకటి కలిపితే వచ్చినన్ని గంటలు అన్నది పెంపకందారులు వాడే ఉరామరిక లెక్క. రెండు నెలల పిల్లకు మూడు గంటలు, అదీ పడుకుని ఉన్నప్పుడు. మెలకువగా ఉండి ఆడుతున్నప్పుడు అరగంట కూడా ఆగకపోవచ్చు. పొద్దున తొమ్మిదికి క్రేట్ తలుపు వేసి మధ్యాహ్నం భోజనానికి తీసే ఇంట్లో, పిల్ల పోయక తప్పని పరిస్థితిని మనమే కల్పిస్తున్నాం. స్వీడన్‌లో ఇంట్లో కుక్కను రోజువారీగా బోనులో మూసి ఉంచడానికి నిబంధనలు ఒప్పుకోవు. పగటిపూట ఆరు గంటలకు ఒకసారైనా బయటికి తీసుకెళ్లాలనీ, పిల్లలనూ ముసలివాటినీ ఇంకా తరచుగా తీసుకెళ్లాలనీ కూడా అక్కడ సూచిస్తారు. అక్కడి కుక్కలూ ఇల్లు శుభ్రంగా ఉంచడం నేర్చుకుంటూనే ఉన్నాయి కాబట్టి, బోను లేనిదే శిక్షణ లేదన్న మాటను నమ్మనవసరం లేదు.

క్రేట్ వద్దంటే మరి పిల్లను ఇల్లంతా వదిలేయాలా అని ఎవరైనా అడగవచ్చు. వదలకూడదు. ఒక గదిలో సగభాగాన్ని అడ్డు పెట్టి, ఒక చివర చాప, రెండో చివర, వీలైనంత దూరంలో, మట్టి నింపిన తట్ట పెట్టాలి. పిల్లకు ఇవ్వవలసింది ఆ దూరమే, దుకాణంలో దానికి దొరకని ఆ నాలుగడుగుల నడక. మట్టి ఎందుకంటే, రేపు కిందికి దింపినప్పుడు దానికి దొరికేదీ మట్టే. నర్సరీలో మొక్కల కోసం అమ్మే మట్టి సంచి తెచ్చి, పైన కొంచెం గరిక నాటితే చాలు. వీధిలో మట్టి తేకూడదు. కుక్కపిల్లల ప్రాణాలు తీసే పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలయ్యే టీకాలు పదహారు వారాల దాకా విడతలుగా సాగుతాయి. అంతవరకు నాలుగు కుక్కలు తిరిగే చోట పిల్లను దింపడం మంచిది కాదు. ఇల్లు పాడవకుండా త్వరగా బయట అలవాటు చేయాలన్న తొందరకూ, టీకాలు పూర్తయ్యేదాకా ఆగాలన్న జాగ్రత్తకూ మధ్య ఆ తట్ట ఒక రాజీ.

ముక్కు రాయడం గురించి

ఈ సలహా మీద ఎక్కువ రాయాలని లేదు గానీ, చదువుకున్న ఇళ్లలో కూడా ఇది ఇంకా బతికే ఉంది. సాయంత్రం ఇంటికి వచ్చి, మధ్యాహ్నం ఎప్పుడో పోసినదాన్ని చూపించి కొడితే, ఆ దెబ్బకూ ఆ పనికీ ఉన్న సంబంధం పిల్లకు అందదు. మనిషి చూస్తుండగా పోయడం ప్రమాదమన్నది మాత్రం అందుతుంది. ఆ తర్వాత అది తలుపు చాటున, మంచం కింద పోస్తుంది. బయటికి తీసుకెళ్లినా మీరు పక్కన నిలబడితే పోయదు.

"తప్పు చేశానని దానికి తెలుసండీ, మొహం చూడండి" అనేవాళ్లకు ఒక ప్రయోగం గురించి చెప్పాలి. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో 14 కుక్కలతో ఈ "దోషి మొహం" సంగతి తేల్చి చూశారు. వద్దన్న తినుబండారాన్ని కుక్క తిన్నదో లేదో యజమానికి ఒక్కోసారి నిజమే చెప్పి, ఒక్కోసారి అబద్ధం చెప్పారు. తల దించుకోవడం, చెవులు వాల్చడం, చూపు తప్పించడం అన్నీ కుక్క తిన్నదా లేదా అన్నదాన్ని బట్టి మారలేదు, యజమాని తిట్టాడా లేదా అన్నదాన్ని బట్టి మారాయి. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్నవాటి మొహంలోనే ఆ చూపు మరింత ఎక్కువగా కనిపించింది. మొహం చూసి తీర్పు చెప్పే పెద్దలకు ఇంతకన్నా చెప్పేది లేదు.

అంతకన్నా ముందు మూత్రపరీక్ష

ఇంతవరకు చెప్పినదంతా పిల్ల ఆరోగ్యంగా ఉందన్న షరతు మీదే. అది తేల్చుకోకుండా శిక్షణ మొదలుపెట్టడం దండగ. నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: పిల్ల లేచి, కూర్చుని పోసిందా, లేక నిద్రలోనే తడిసిందా? లేచి పోస్తే అది అలవాటు కావచ్చు. నిద్రలో తనకు తెలియకుండా కింద మరక ఏర్పడుతుంటే, అది అలవాటు కాదు, వైద్యం కావలసిన విషయం.

ఆడకూనల్లో మూత్రకోశ ఇన్ఫెక్షన్లు మామూలే. కొద్దికొద్దిగా, పదేపదే పోయడం, ఆ చోటును ఆగకుండా నాక్కోవడం, వాసనలో మార్పు కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. మూత్రపిండం నుంచి మూత్రాశయానికి చేరవలసిన గొట్టం దారి తప్పి, మూత్రాశయాన్ని దాటి కిందికి తెరుచుకునే పుట్టుకలోపం కూడా ఒకటుంది. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, సైబీరియన్ హస్కీ జాతుల్లో, ముఖ్యంగా ఆడవాటిలో, ఇది ఎక్కువగా బయటపడుతుంది. అలాంటి పిల్ల మామూలుగా కూర్చుని పోస్తూనే, మధ్యమధ్య చుక్కచుక్కగా కారుస్తూ ఉంటుంది, పడుకున్నప్పుడు పక్క తడుస్తుంది. మా వీధిలో ఒక ఇంట్లో హస్కీ కూనను ఇలాగే దాదాపు ఏడాది పాటు తిట్టి, వరండాలో కట్టేసి పెంచారు. పెద్ద ఊరి ఆసుపత్రిలో స్కాన్ తీసి చెప్పేదాకా అది ఏ తప్పూ చేయలేదన్న సంగతి ఎవరికీ తెలియలేదు. ఆపరేషన్ చేయించారు. వరండా గొలుసు మాత్రం చాలాకాలం అక్కడే ఉంది, అలవాటు పడినది కుక్క కన్నా మనుషులు.

పరీక్షకు మూత్రం పట్టడం ఎలా అని మేనకోడలు కంగారుపడింది. పిల్ల కూర్చున్నప్పుడు వెనక నుంచి శుభ్రమైన గరిటె జరిపితే సరిపోతుంది. ఆ గరిటె తర్వాత వంటింట్లోకి రాకూడదని ఆమె అత్తగారు విధించిన షరతుతో నాకెలాంటి పేచీ లేదు. పరీక్షలో ఏమీ తేలలేదు, పిల్ల ఆరోగ్యంగానే ఉంది. ఆ సంగతి తెలిసిన తర్వాతే నేను చాప మాట ఎత్తాను.

ఇంకొకటి, నీళ్లు తగ్గించడం. పోయకుండా ఉండాలని మధ్యాహ్నం నుంచే నీళ్ల గిన్నె ఎత్తేసే ఇళ్లున్నాయి. నలభై డిగ్రీలు దాటే మన ఎండల్లో అది శిక్షణ కాదు, క్రూరత్వం. రాత్రి మేతను కొంచెం ముందుకు జరిపి, పడుకునే ముందు ఒకసారి తిప్పితే చాలు.

రాత్రి లేచేదెవరు

పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ "ప్రతి రెండు మూడు గంటలకు పిల్లను బయటికి తీసుకెళ్లండి" అని ఉంటుంది. ఎవరు తీసుకెళ్లాలో ఉండదు. లేచిన వెంటనే, మేత తిన్న కాసేపటికి, ఆడుకున్నాక, రాత్రి కనీసం ఒకటి రెండుసార్లు, ఇవన్నీ ఒక మనిషి చేయవలసిన పనులు. నేను చూసిన ఇళ్లలో కుక్కపిల్ల కావాలని ముచ్చటపడింది ఎవరైనా, తుడిచింది మాత్రం ఆ ఇంటి ఆడవాళ్లో, పనిమనిషో. పిల్ల మొండిదన్న తీర్పు తరచూ అలసటలోంచే పుడుతుందని నాకనిపిస్తుంది. పొద్దున్నుంచి నాలుగుసార్లు నేల తుడిచిన మనిషికి ఐదోసారి తడి కనిపిస్తే, అది కావాలనే చేసిందనిపించడంలో ఆశ్చర్యం లేదు. అందుకే మేనకోడలి అత్తగారు అన్న మాటను నేను తప్పు పట్టలేదు. పగలంతా ఆ పిల్లతో ఇంట్లో ఉండేది ఆవిడే.

నా వాదనకు గట్టి ఎదురువాదం కూడా ఇక్కడే ఉంది. పక్క తీసేయడం, గది విభజించడం, తట్ట నింపడం, గడియారం చూసుకుని లేవడం, ఇవన్నీ మనుషులున్న ఇంటికి చెల్లుతాయి. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో, రోజుకు పదిగంటలు తాళం పడే ఇంట్లో ఇది సాధ్యం కాదు, అందుకే అలాంటివాళ్లు క్రేట్‌ను ఆశ్రయిస్తారు అని ఒక స్నేహితురాలు నాతో వాదించింది. ఆమె మాట నిజమే. కానీ దానికి నా జవాబు మరింత ఇరుకైన బోను కాదు. అలాంటి ఇంటికి రెండు నెలల పిల్ల తగదు. ఏడాది దాటి, ఇల్లు శుభ్రంగా ఉంచడం వచ్చిన కుక్కను దత్తత తీసుకునే వీలు మన నగరాల్లో ఉంది. "పసిదైతేనే మనదవుతుంది" అన్న మోజును కొంచెం తగ్గించుకుంటే, ఈ సమస్యలో సగం పుట్టనే పుట్టదు.

మేనకోడలి ఇంట్లో పని ఎలా సర్దుబాటు అయిందంటే, అమెరికా వాళ్లతో రాత్రి మీటింగులు ముగించుకుని ఆమె పడుకునే ముందు ఒకసారి పిల్లను తట్ట దగ్గరికి తీసుకెళ్తుంది. తెల్లవారుజామున ఎటూ లేచే అలవాటున్న అత్తగారు రెండోసారి తీసుకెళ్తున్నారు. ఆవిడ దీన్ని ఒప్పుకున్నది పిల్ల మీద ప్రేమతో కాదు, తన పూజగది ముందు పట్టా తడవకూడదన్న పట్టుదలతో. కారణం ఏదైతేనేం, ఆవిడ సమయపాలన మా అందరికన్నా మేలు. అల్లుడుగారి వంతు పగటిపూట సెలవురోజుల్లో వస్తుందని చెప్పారు. టీకాలు అయ్యాక పిల్లను కిందికి దింపడం మొదలుపెట్టినప్పుడు, కుక్కతో లిఫ్టు ఎక్కవద్దని అపార్టుమెంటు సంఘంవాళ్లు అడ్డుపడ్డారు. పెంపుడు కుక్కలను లిఫ్టులో నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాగితం చూపించాక మెత్తబడ్డారు. మూత్రం ఆపుకోవడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న పిల్లను ఆరు అంతస్తులు మెట్ల మీద దింపమనడం, లిఫ్టు శుభ్రంగా ఉండాలని మెట్లు పాడు చేయించడమే అవుతుందని ఎవరూ ఆలోచించినట్టు లేదు.

ఇక పక్కను తిరిగి ఎప్పుడు ఇవ్వాలన్నది మిగిలింది. దీని మీద అనుభవజ్ఞుల్లోనే ఏకాభిప్రాయం లేదు. చాప తడవకుండా నెల గడిస్తే చాలని కొందరు, ఆరు నెలల వయసు దాటేదాకా వద్దని కొందరు అంటారు. నేను వయసు కన్నా పిల్ల నడకను చూస్తాను. నిద్ర లేచి, ఎవరూ పిలవకుండా తానే తట్ట వైపో తలుపు వైపో నడవడం నిలకడగా కనిపించినప్పుడు, మొదట పగలు, మన కళ్ల ముందు, పలుచటి నేత దుప్పటి మడత ఒకటి వేసి చూడాలి. అది తడిస్తే కోప్పడకుండా తీసేసి మళ్లీ కొన్నాళ్లు ఆగాలి. రాత్రిపూట ఇవ్వడం అన్నిటికన్నా చివర. మేనకోడలి పిల్ల ఇప్పుడు పగటి దుప్పటి దాకా వచ్చింది. ఒకటి రెండుసార్లు తడిపింది కూడా. మొదట కొన్న ఖరీదైన పరుపును ఉతికి ఎండబెట్టి అటక మీద పెట్టారు, దాన్నే మళ్లీ వేయవచ్చా అని అడిగితే వద్దన్నాను. లోపలి నురుగులో ఇంకినది ఉతుకుకు పోదు, మనకు పోయినట్టు అనిపించినా పిల్లకు అది పాత మరుగుదొడ్డే. డబ్బు దండగైందని అల్లుడుగారు బాధపడ్డారు గానీ, కొత్తది కొనడానికి ఇంకా చాలా వ్యవధి ఉంది.